ఎర్ర ఉన్ని ముడి

గాలి లేదు. అయినా బాతు మీది ఆకులు రాలుతున్నాయి.

యోలీన్ సైకిలు దిగి నిలబడింది. ఆ రోజు బుధవారం. బడి మధ్యాహ్నానికే వదిలేశారు. పొద్దుటి నుంచి పడిన సన్నవాన అప్పుడే ఆగింది. వీధి తడిగా, చప్పుడు లేకుండా ఉంది. ఆ నిశ్శబ్దంలో టప్ టప్ మని వినిపిస్తోంది. ఎవరో కనపడని మనిషి చేతిలోంచి గింజలు ఒక్కొక్కటే జారవిడుస్తున్నట్టు ఉంది.

అవి నిజం బాతులు కావు. పొదల్ని కత్తిరించి చేసిన పచ్చటి బాతులు. పక్కింటి ఓమేర్ తాత తోటలో, రోడ్డు పొడవునా వరసగా ఉంటాయి. అన్నిటికంటే ముందు పెద్దబాతు మెడ చాచి నడుస్తుంటుంది. మిగిలినవి దాని వెనకాల వస్తుంటాయి. చిట్టచివర ఒక పిల్లబాతు. ఆ దారిన పోయే కొత్తవాళ్లు కారు ఆపి ఫోటో తీసుకోకుండా వెళ్లరు.

ఆ పొద అసలు పేరు బుక్సుస్. చిన్న చిన్న ఆకులు, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. ఆ ఊళ్లో మాత్రం దాన్ని మట్టచెట్టు అంటారు. ఈస్టరుకి ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు చర్చికి పట్టుకెళ్లేది దాని కొమ్మల్నే. షెల్డ్ నది ఒడ్డున, ఆ చలిలో, తాటిమట్టలు ఎక్కడ దొరుకుతాయి?

ఓమేర్ తాత కంచె లోపల నిలబడి ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"తాతా, దీనికేమైంది?" అని యోలీన్ అడిగింది.

"నిన్న ముక్కు మీద మచ్చ ఉంది," అన్నాడాయన. "ఇవాళ మెడ లేదు."

నిజమే. పెద్దబాతు మెడ ఉండాల్సిన చోట గోధుమరంగు పుల్లలు, వాటి మధ్య ఇనప తీగ కనిపిస్తున్నాయి.

ఆ బాతుల్ని చేసింది ఓమేర్ తాత భార్య జెర్మెన్. తీగతో బాతు ఆకారం కట్టి, దాని కింద వేలెడంత మొక్క నాటి, ఏళ్ల తరబడి పెంచింది. ఇప్పుడావిడ లేదు. తాత కత్తిరిస్తుంటాడు. ఎవరైనా మెచ్చుకుంటే, "నాదేముంది. బాతులు ఆవిడవి. క్షవరం నాది," అంటాడు. ఈ వేసవి నుంచి పిల్లబాతు క్షవరం యోలీన్‌కి ఇస్తానని మాటిచ్చాడు కూడా.

"ఇలా రా. లోపల చూడు," అని ఆయన పెద్దబాతు పొట్ట దగ్గర కొమ్మలు రెండు చేతులతో విడదీశాడు.

యోలీన్ వంగి చూసింది. పైన పచ్చగానే ఉంది. లోపల ఒక్క ఆకు లేదు. పుల్లలన్నిటి మీదా నల్లటి చారలు. ఎవరో బొగ్గుతో గీసినట్టున్నాయి. బాతు లోపల బాతు లేదు.

ఇంతలో గేటు కిర్రుమంది. వన్నెస్ వచ్చి గేటు మీదికెక్కి ఊగుతున్నాడు. వాడు యోలీన్ క్లాసే.

"ఇక్కడి దాకా వచ్చేసిందన్నమాట," అన్నాడు.

"ఎవరు?"

"గంటాయన చెల్లెలు."

వీధి చివర ఒక ఖాళీ ఇల్లుంది. ఒకప్పుడు చర్చి గంట కొట్టే మనిషి, ఆయన చెల్లెలు అందులో ఉండేవాళ్లు. ఇద్దరూ పోయారు. కిటికీలకి చెక్కలు కొట్టేశారు. ఆ చెల్లెలు ఎవరితోనూ మాట్లాడేది కాదట. వీధిలో నడిచేటప్పుడు చేత్తో అందరి కంచెల్నీ రాసుకుంటూ వెళ్లేదట.

"మొదట బేకరీ ముందు కుండీలు ఎండిపోయాయి," అని వన్నెస్ గొంతు తగ్గించాడు. "తర్వాత పశువుల డాక్టరుగారి గేటు పక్క పొద. ఇప్పుడు బాతులు. చెయ్యి రాసుకుంటూ వస్తోంది. తర్వాత మీ ఇల్లే."

"పోరా. దయ్యానికి బేకరీ ముందు ఏం పని?"

"నాకేం తెలుసు. వెళ్లి అడుగు."

"ఒరే," అన్నాడు ఓమేర్ తాత. "దయ్యమైతే కంచెలోంచి దూరి వస్తుంది. నీలాగా గేటు ఎక్కి ఊగదు. దిగు."

వన్నెస్ దిగాడు. తాత పెద్దబాతు కాళ్ల దగ్గర మట్టిలోకి వేలు చూపించాడు. అక్కడ ఒక మట్టకొమ్మ గుచ్చి ఉంది. చర్చిలో ఫాదర్ దీవించిన కొమ్మ. అలాంటిది పొలం మూలలో గుచ్చితే వడగళ్లు పడవని, ఇంట్లో పెడితే పిడుగు పడదని, మొక్క పక్కన గుచ్చితే తెగులు రాదని అక్కడివాళ్ల నమ్మకం.

"మట్ట గుచ్చినా ఇలా అయింది," అన్నాడాయన. "ఈసారి మట్టలు నువ్వే కదా తెచ్చిచ్చావు. మంచి పొడుగ్గా ఉన్నాయి."

యోలీన్ వంగి చూసింది. కొమ్మకి కట్టిన ఉన్ని వెలిసి రోజా రంగులోకి వచ్చింది. ఆ ముడి తనదే.

సైకిలు పట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

*

సాయంత్రం యోలీన్ అమ్మమ్మతో కలిసి తన తాతయ్య సమాధి దగ్గరికి వెళ్లింది. నది మీంచి పొగమంచు లేచి శిలువల మధ్యకి పాకుతోంది. అమ్మమ్మ పూలకి నీళ్లు పోస్తోంది.

సమాధి చుట్టూ మట్టచెట్టుతో చిన్న అంచు కట్టి ఉంటుంది. మోకాలెత్తు కూడా ఉండదు. ఆ మొక్కలు తాతయ్య బతికుండగా తనే తెచ్చి పెరట్లో పెంచినవే.

"అయ్యో," అంది అమ్మమ్మ.

అంచు ఒక మూల చచ్చిపోయింది. పళ్లెమంత మేర గుండ్రంగా ఎండింది. ఆ గుండ్రానికి సరిగ్గా నడిమధ్యలో ఒక మట్టకొమ్మ నిలబడి ఉంది. దానికి ఎర్ర ఉన్ని ముడి.

"చూశావా విచిత్రం," అంది అమ్మమ్మ. "మట్ట గుచ్చిన చోటే పోయింది."

పొగమంచు ఇంకో వరస సమాధుల్ని మింగేసింది. చర్చి గంట మోగింది. ఇప్పుడు గంట కొట్టడానికి మనిషి లేడు, మోటారు ఉంది. ఆ సంగతి యోలీన్‌కి తెలుసు. అయినా అమ్మమ్మ కోటు పట్టుకుంది.

మర్నాడు బడి వదలగానే ఒంటరిగా బేకరీ వైపు నడిచింది. వాకిలికి అటొకటి ఇటొకటి కుండీలున్నాయి. రెండింట్లోనూ గుండ్రంగా కత్తిరించిన పొదలు. రెండూ ఎండిపోయాయి. మట్టిలో ఎర్ర ఉన్ని.

పశువుల డాక్టరుగారి గేటు. గోధుమరంగు పొద. ఎర్ర ఉన్ని.

మలుపు దగ్గర, ఎవరూ పెద్దగా చూడని చిన్న మరియమాత గూడు. దాని ముందు పొద. సగం పోయింది. ఎర్ర ఉన్ని.

యోలీన్ నిలబడిపోయింది. వెనకాల ఎవరో నిలబడినట్టు అనిపించింది. తిరిగి చూసింది. వీధి ఖాళీగా ఉంది. తడి రాళ్ల మీద తన అడుగుల గుర్తులే ఉన్నాయి. ఇంకెవరివీ లేవు.

బేకరీ, డాక్టరుగారి గేటు, మరియమాత గూడు, ఓమేర్ తాత తోట, సమాధుల తోట. గంటాయన చెల్లెలు నడిచిందంటున్న దారి అదే. మట్టల ఆదివారం నాడు తను నడిచిన దారి కూడా అదే.

*

ఆ ఆదివారానికి ముందు రోజు అమ్మమ్మ కత్తెర ఇచ్చి, "మన పెరట్లో చెట్టువి కొయ్యి. చిన్నవైనా ఫరవాలేదు," అంది.

పెరట్లో చెట్టువి మరీ పొట్టిగా ఉన్నాయి. పోయినేడు వన్నెస్ వాళ్ల అక్క తెచ్చిన మట్టలు మోచేతి పొడుగున్నాయి. అందరూ మెచ్చుకున్నారు. యోలీన్‌కి అది గుర్తొచ్చింది. గంటాయన ఇంటి ముందు మట్టచెట్ల కంచె ఉంది. ఎవరూ కత్తిరించరు కాబట్టి మనిషి ఎత్తు పెరిగింది. అక్కడికి వెళ్లింది.

కంచె కింద నేల మెత్తగా ఉంది. రాలిన ఆకులు పరుపులా పేరుకుని ఉన్నాయి. లోపలి కొమ్మలు బోడిగా ఉన్నాయి. ఆ సందుల్లోంచి ఇంటి కిటికీ చెక్కలు కనిపించాయి. యోలీన్‌కి భయమేసింది. కొసలు మాత్రం పచ్చగా, పొడుగ్గా ఉన్నాయి. చకచకా కోసేసింది.

కొన్ని ఆకుల కింద తెల్లగా నూగులా ఉంటే చొక్కా చేత్తో తుడిచేసింది. తుడిస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి.

ఇంట్లో అమ్మమ్మ అల్లగా మిగిలిన ఎర్ర ఉన్నితో ఒక్కోదానికీ తనే ముడి వేసింది. "మన పెరట్లోవే?" అని అమ్మమ్మ అడిగింది. "ఊఁ," అంది. మర్నాడు చర్చిలో ఫాదర్ లూక్ కూడా అడిగారు. ఆయనకీ "ఊఁ" అనే చెప్పింది. దీవెన అయ్యాక మట్టల్ని ఇంటింటికీ పంచి, బదులుగా బేకరీలో చాక్లెట్ గుడ్లు తీసుకుని, ఒకటి తాతయ్య సమాధి దగ్గర గుచ్చింది.

*

శుక్రవారం బడిలో యోలీన్ చెయ్యెత్తింది.

"టీచర్, దయ్యం ముట్టుకుంటే చెట్టు చచ్చిపోతుందా?"

క్లాసంతా నవ్వింది. గ్రీట్ టీచర్ నవ్వలేదు.

"దయ్యాల సంగతి నాకు తెలీదు. ఏ చెట్టు?"

యోలీన్ జేబులోంచి కాగితం పొట్లం తీసింది. అందులో పెద్దబాతు మెడ నుంచి రాలిన ఆకు ఉంది. టీచర్ దాన్ని చూడగానే, "బల్ల మీద పెట్టకు," అని ఒక గాజు పళ్లెం తెచ్చి అందులో పెట్టించింది. పైన భూతద్దం పట్టింది.

ఆకు వెనక వైపు తెల్లటి కుచ్చులు నిలబడి ఉన్నాయి. సన్నగా, దట్టంగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

"ఇది బూజు," అంది టీచర్. "శిలీంధ్రం అని చదువుకున్నాం చూడండి. పాత రొట్టె మీద వచ్చేదానికి చుట్టం."

"బతికుందా?"

"ఉంది. ఆకు చచ్చిపోయినా ఇది చావదు. కింద రాలిన ఆకుల్లో ఏళ్ల తరబడి పడుంటుంది. వాన కోసం చూస్తుంటుంది."

"మరి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఎలా నడుస్తుంది?"

"నడవదు. దానికి కాళ్లెక్కడివి? జిగురుగా ఉంటుంది. కత్తెరకి అంటుకుంటుంది. చొక్కా చేతికి, బూట్లకి, కుక్క బొచ్చుకి అంటుకుంటుంది. మన కాళ్లే దాని కాళ్లు."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలోంచి వన్నెస్, "దయ్యమే నయం," అన్నాడు మెల్లగా.

"మందు లేదా టీచర్?" అని యోలీన్ అడిగింది.

"పట్టాక కష్టం. పొడిగా ఉన్న రోజు చూసి పట్టిన కొమ్మ కొట్టెయ్యాలి. రాలిన ఆకులు ఒక్కటి వదలకుండా ఏరాలి. కత్తెర స్పిరిట్‌తో తుడవాలి. అన్నిటికంటే ముందు అది ఎక్కణ్ణించి వచ్చిందో తెలియాలి. తెలియకపోతే మళ్లీ ఎవరో ఒకరు అదే కొమ్మ పట్టుకొస్తారు."

టీచర్ కళ్లు యోలీన్ మీద కాసేపు నిలిచాయి.

*

ఇంటికి వస్తుంటే ఓమేర్ తాత కంచె దగ్గర ఎదురుచూస్తున్నాడు. చేతిలో కత్తెర, కాళ్ల దగ్గర కోసిన ఎండుకొమ్మలు. మళ్లీ సన్నవాన పడుతోంది. పెద్దబాతు ఇప్పుడు పూర్తిగా పుల్లలూ తీగే. దాని వెనకాల బాతులన్నీ మచ్చలు పడ్డాయి. ఒకదానికి కన్ను పోయింది. ఒకదానికి రెక్క. మెడలు వంగిపోయి అన్నీ ఒక పక్కకి, గంటాయన ఇంటి వైపుకి చూస్తున్నట్టున్నాయి.

చిట్టచివర పిల్లబాతు మాత్రం పచ్చగా ఉంది. వరసకి కాస్త ఎడంగా నాటారు దాన్ని.

"ఇదొక్కటే మిగిలింది," అన్నాడు తాత. "జెర్మెన్ ఆఖరున నాటింది ఇదే. మీ అమ్మమ్మ దగ్గర మట్టలు మిగిలాయటగా. రెండు తెచ్చిపెట్టమ్మా. దీనికి అటూ ఇటూ గుచ్చుతాను."

"అలాగే తాతా," అంది యోలీన్.

వెనక షెడ్డు మూలలో ఒక బకెట్ ఉంది. మిగిలిన మట్టలు అందులో నీళ్లలో వేసి, మరిచిపోయారు. యోలీన్ గుత్తి పట్టుకుని పైకి లేపింది. ముక్కిపోయిన వాసన వచ్చింది. పైనుంచి చూస్తే ఇంకా పచ్చగానే ఉన్నాయి. తిప్పి చూసింది. ఆకుల వెనకంతా తెలుపు. నల్లబడిన ఆకు ఒకటి మణికట్టుకి అంటుకుంది. విదిలించినా పడలేదు. గోటితో గీకాల్సి వచ్చింది.

బకెట్‌లో తిరిగి పడేసింది.

అప్పుడొక ఆలోచన వచ్చింది. పెరట్లో చెట్టు బాగానే ఉంది. దాని కొమ్మలు రెండు కోసి, ఎర్ర ఉన్ని కట్టి ఇచ్చేస్తే సరిపోతుంది. ఇవి మంచివే. పిల్లబాతుకి ఏమీ కాదు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

మేకుకి తగిలించిన కత్తెర తీసుకుంది. పెరట్లోకి వెళ్లి చెట్టు ముందు వంగింది. కత్తెర తెరిచింది.

రెండు అలుగుల మధ్య ఎండిపోయిన ఆకు ముక్క ఇరుక్కుని ఉంది.

అది గంటాయన ఇంటిదే. ఆ రోజు కోశాక కత్తెర తుడవలేదు. చూడకుండా కోసి ఉంటే అది తాతయ్య పెంచిన చెట్టులోకి వెళ్లిపోయేది.

తర్వాత మీ ఇల్లే.

యోలీన్ కత్తెర మూసింది. నిద్రపోతున్న పాముని దించినట్టు దాన్ని గచ్చు మీద పెట్టింది. ఒక అడుగు వెనక్కి వేసింది. మరి ఓమేర్ తాత కత్తెర? పొద్దుటి నుంచి ఆయన దాంతోనే ఎండిన కొమ్మలన్నీ కోస్తున్నాడు.

పరుగెత్తింది.

తాత పిల్లబాతు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. మట్టలు వచ్చేలోగా దాని మెడ సరిచేద్దామనుకున్నట్టున్నాడు. కత్తెర తెరిచి ఉంది.

"తాతా, దాన్ని ముట్టుకోకండి!"

ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది.

"మట్టలేవి?"

"తేలేదు." యోలీన్ రొప్పుతోంది. "వాటివల్లే తాతా. తెగులు వాటివల్లే వచ్చింది. ఇప్పుడు మీ కత్తెర మీద కూడా ఉంది."

"మీ పెరట్లోవి కదా."

"కాదు. గంటాయన ఇంటి ముందువి. మా పెరట్లోవని అబద్ధం చెప్పాను. ఆకుల కింద తెల్లగా ఉంటే తుడిచేసి ఇచ్చాను."

ఓమేర్ తాత టోపీ అంచు నుంచి వాన చుక్కలు కారుతున్నాయి. పెద్దబాతు వైపు చూశాడు. దాని తీగ మెడ వైపు చూశాడు.

"అయితే గంటాయన చెల్లెలు నడవలేదన్నమాట," అన్నాడు.

"లేదు తాతా. నేనే నడిచాను."

ఆయన కత్తెర మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. మోకాళ్ల మీదే జరుగుతూ పిల్లబాతుకి దూరంగా వచ్చాడు. తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. అవి వేరేవాళ్ల చేతుల్లా చూశాడు.

"చేతులు కడుక్కో," అన్నాడు. "నేనూ కడుక్కుంటాను. రేపు ఎండ కాస్తే రా."

*

శనివారం ఎండ కాసింది.

యోలీన్ వెళ్లేసరికి ఓమేర్ తాత గచ్చు మీద రెండు సీసాలు పెట్టుకుని ఉన్నాడు. ఒకటి స్పిరిట్, ఒకటి జిన్ను సారా.

"రెండూ కత్తెరకేనా?" అని యోలీన్ అడిగింది.

"ఒకటి కత్తెరకి. ఒకటి నాకు. కలిపెయ్యకు."

ఆయన కొట్టాడు. యోలీన్ ఏరింది. బాతు తర్వాత బాతు నేలకి ఒరిగింది. ఆకులు గోళ్ల కిందా, మడమల కిందా, రాళ్ల సందుల్లో ఉన్నాయి. మోకాళ్ల మీద పాకుతూ అన్నీ నల్ల సంచుల్లోకి వేసింది. పెద్దబాతు గుండె దగ్గర కొమ్మ కొట్టినప్పుడు లోపల ఒక పిట్టగూడు బయటపడింది. గుప్పెడంత ఉంది. పాతది, ఖాళీది. ఇన్నేళ్లుగా బాతు లోపల పిట్టలు కాపురం చేశాయని ఎవరికీ తెలియదు.

తాత ఆ గూడుని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కిటికీ గూట్లో పెట్టాడు. పెద్దబాతు తీగని మాత్రం పీకలేదు. స్పిరిట్ గుడ్డతో మెడ నుంచి తోక దాకా తుడిచి అక్కడే ఉంచాడు.

ఇంటికొచ్చి యోలీన్ అమ్మమ్మకి అంతా చెప్పింది. అమ్మమ్మ అల్లిక ఒళ్లో పెట్టుకుని విన్నది.

"ఫాదర్ ముందు కూడా ఊఁ అన్నావు కదే," అంది.

"ఊఁ," అంది యోలీన్. తల ఎత్తలేదు.

అమ్మమ్మ లేచి ఒక సంచి, చేతి తొడుగులు, స్పిరిట్ సీసా తెచ్చి ముందు పెట్టింది.

"నువ్వే పంచావు. నువ్వే తెచ్చుకో."

మొదట బేకరీకి వెళ్లింది. హిల్డా ఆంటీ గల్లా దగ్గర నిలబడి విన్నది. కొట్లో ఉన్నవాళ్లందరూ విన్నారు.

"అంటే," అంది హిల్డా ఆంటీ, "నా చాక్లెట్ గుడ్డు తిని నా వాకిట్లో బూజు పెట్టావన్నమాట."

"అవునాంటీ."

"రెండు గుడ్లిచ్చాను పైగా." ఆవిడ ఏప్రన్ విప్పి పక్కన పడేసింది. "పద. ఆ కుండీ ఒక్కదానివీ ఎత్తలేవు."

తర్వాత డాక్టరుగారి గేటు, మరియమాత గూడు. ప్రతి చోటా తలుపు కొట్టింది, చెప్పింది, మట్టిలోంచి కొమ్మ లాగింది, రాలిన ఆకులు ఏరింది. కొందరు సరేలే అన్నారు. డాక్టరుగారి భార్య మాత్రం మాట్లాడకుండా తలుపేసేసింది. యోలీన్ ఆ తలుపు ముందు కూడా వంగి ఆకులు ఏరింది.

దారిలో వన్నెస్ సైకిలు మీద ఎదురయ్యాడు. తొడుగుల చేతుల్ని, సంచినీ చూశాడు.

"ఏం చేస్తున్నావు?"

"గంటాయన చెల్లెల్ని వెనక్కి తీసుకెళ్తున్నాను."

వన్నెస్‌కి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక సైకిలు గోడకి ఆనించాడు. సంచి మూతి రెండు చేతులతో తెరిచి పట్టుకుని పక్కన నడిచాడు. గంటాయన ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు మాత్రం ఇద్దరూ రోడ్డుకి అవతలి పక్కకి మారారు.

సమాధుల తోట దగ్గర ఫాదర్ లూక్ ఉన్నారు. ఆయన సంచిలోకి తొంగిచూశారు.

"దీవించిన కొమ్మల్ని చెత్తలో వెయ్యకూడదు," అన్నారు. "కాల్చాలి. భస్మ బుధవారం నాడు నుదుట పెట్టడానికి ఎలాగూ బూడిద కావాలి."

చర్చి వెనకాల ఇనప పళ్లెంలో మంట పెట్టారు. ఆకులు చిటపటలాడాయి. ఉన్ని ముడులు ఒక్కొక్కటే ఎర్రగా వెలిగి నల్లబడ్డాయి. గాలి లేదు. పొగ నిటారుగా పైకి లేచింది, ఎవరో నిలబడ్డట్టు. కాసేపటికి అది కూడా పోయింది.

*

చలికాలం వెళ్లింది. భస్మ బుధవారం నాడు యోలీన్ వరసలో నిలబడింది. ఫాదర్ ఆ కొమ్మల బూడిదలో వేలు ముంచి ఆమె నుదుటి మీద శిలువ గుర్తు పెట్టారు. ఎప్పుడూ ఇంటికి రాగానే తుడిచేసుకునేది. ఈసారి ఆ గుర్తుతోనే బడికి వెళ్లింది. ఎవరూ ఏమీ అడగలేదు. వన్నెస్ నుదుటి మీద కూడా ఉంది.

మట్టల ఆదివారం వచ్చింది. గంటాయన ఇంటి కంచెని మునిసిపాలిటీవాళ్లు వేళ్లతో సహా పెకలించేశారు. ఇంటి ముందు నేల బోడిగా ఉంది. కిటికీ చెక్కలు ఇప్పుడు రోడ్డు మీదికి నేరుగా కనిపిస్తున్నాయి.

యోలీన్ నది ఒడ్డుకి వెళ్లి విల్లో కొమ్మలు కోసింది. వాటి మీద బూడిదరంగు మొగ్గలు పిల్లి పాదాల్లా మెత్తగా ఉన్నాయి. ఒక్కో చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్లే ముందు కత్తెర తుడిచింది. ప్రతి కొమ్మనీ తిప్పి వెనక కూడా చూసింది. ఫాదర్ అడగకముందే, "నది ఒడ్డువి," అని చెప్పింది.

ఓమేర్ తాత గేటు దగ్గరికొచ్చి, బయటే ఆగి, బూట్ల అడుగులు స్పిరిట్ గుడ్డతో తుడుచుకుంది. అప్పుడు లోపలికి వెళ్లింది.

పిల్లబాతు ఒక్కటే ఉంది. పచ్చగా, గుండ్రంగా ఉంది. దాని ముందు ఖాళీ స్థలం. ఆ చివర తీగ బాతు మెడ చాచి నిలబడి ఉంది. దాని కాళ్ల దగ్గర తాత కొత్తగా ఐవీ పాదు నాటాడు. అది అప్పుడే బాతు మోకాలి దాకా పాకింది.

తాత కొమ్మ అందుకుని తిప్పి చూశాడు. దాని మొదట్లో ఎర్ర ఉన్ని ముడి ఉంది.

"మళ్లీ ఎరుపేనా," అన్నాడు. "పోయినేడు ఈ ఎరుపు వల్లే కదా నీ దారి తెలిసింది."

"అందుకే తాతా. ఏమైనా అయితే ఎవరింటికి రావాలో తెలియాలి కదా."

ఓమేర్ తాత ఆ కొమ్మని మట్టిలో గుచ్చలేదు. తీగ బాతు మెడకి, ఎర్ర ముడి రోడ్డు మీదికి కనపడేలా కట్టాడు. తర్వాత జేబులోంచి చిన్న కత్తెర తీసి, స్పిరిట్ గుడ్డతో కలిపి యోలీన్ చేతిలో పెట్టాడు.

"మెడ దగ్గర కాస్త పెరిగింది చూడు," అన్నాడు.

యోలీన్ పిల్లబాతు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ముందు కత్తెర తుడిచింది.